పచ్చగా ఉన్నదంతా మేత కాదు



కోనసీమ అనగానే అందరూ పచ్చదనం గురించే చెప్తారు. నిజమే, అమలాపురం నుంచి రాజోలు వెళ్లినా, కొత్తపేట వైపు వెళ్లినా కంటికి పచ్చ తప్ప ఇంకోటి కనపడదు. కానీ ఒక్కసారి బస్సు దిగి కాలవ గట్టు మీద నడిచి చూడండి. గట్టు మీద వయ్యారిభామ, నీటి అంచున తూటికాడ, కాలవలో గుర్రపుడెక్క. అన్నీ పచ్చగానే ఉంటాయి. ఇందులో మన మేక తినగలిగేది ఎంత?

పొలం ఉన్నవాళ్లకి ఈ ప్రశ్న పెద్దగా తగలదు. వాళ్లకి వరిగడ్డి ఉంది, కొబ్బరితోటలో గడ్డి ఉంది. సెంటు భూమి లేని ఎరుకల, యానాది కుటుంబాలకి కాలవ గట్టు, పుంత, లంక అంచు, పంచాయతీ పోరంబోకు, ఇవే మేత బీళ్లు. నాలుగు మేకలున్న ఇంట్లో కాలేజీ ఫీజైనా, ఆస్పత్రి ఖర్చైనా ఆ మేకల్లోంచే రావాలి. అందుకే నేననేది ఏంటంటే, కలుపుని ఊరి శుభ్రత లెక్కలో వేసి ఊరుకుంటే కుదరదు. అది భూమి లేనివాళ్ల బతుకుతెరువు సమస్య.

వయ్యారిభామ మన మొక్క కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. 1950ల్లో పుణె దగ్గర కనిపించి దేశమంతా పాకింది. ఒక్కో మొక్క 15 వేల నుంచి 25 వేల విత్తనాలు రాల్చగలదు. మొలిచిన నెల, నెలన్నరకే పూతకొస్తుంది. పక్కన గడ్డిని ఎదగనివ్వదు. గడ్డితో కలిసి పశువు కడుపులోకి పోతే పాలు చేదెక్కుతాయి. పీకే మనిషికి దురద, కొందరికి ఆయాసం. తూటికాడ ఇంకో రకం. మేత దొరక్క మేక రోజుల తరబడి దాన్నే తింటే నరాలు దెబ్బతిని తూలిపోతుంది, చచ్చిపోవచ్చు కూడా.

"మేకల్ని వదిలితే కలుపు అదే పోతుంది కదా" అని కొందరంటారు. పోదు. మేక మంచి గడ్డిని ఏరుకుని తిని వయ్యారిభామని వదిలేస్తుంది. ఒకే చోట ఎక్కువ మేపితే నేల బోసిపోతుంది. బోసిపోయిన నేలలో ముందు లేచేది ఆ కలుపే.

మరి ఏటా జరిగే కార్యక్రమాలు? వయ్యారిభామ అవగాహన వారం దేశమంతటా ఆగస్టు 16 నుంచి 22 దాకా జరుపుతారు. అవగాహన మంచిదే. కానీ జూన్ వానకి మొలిచిన మొక్క అప్పటికే పూసి ఉంటుంది. పూత మీదున్నదాన్ని పీకి గట్టు మీదే పడేసి ఫోటో దిగితే విత్తనం మనమే చల్లినట్టు. గుర్రపుడెక్క కూడా అంతే. అనుకూలంగా ఉంటే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. తీసి నీటి అంచునే కుప్పేస్తే మళ్లీ కాలవలోకే జారుతుంది.

కలుపు మందు కొట్టేస్తే సులువు కదా అనేవాళ్లకి ఒక మాట. మన ఊళ్లలో తాగునీటి చెరువులు నిండేది ఈ కాలవలతోనే. యానాదులు చేపలు పట్టేదీ ఇక్కడే. పైగా అన్నిటినీ చంపే మందు గడ్డిని కూడా చంపుతుంది. ఖాళీ అయిన చోట మళ్లీ వయ్యారిభామే మొలుస్తుంది.

దారి లేక కాదు. తొలకరి తర్వాత నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందే, చేతికి గ్లౌజులు, ముక్కుకి గుడ్డ కట్టుకుని వేళ్లతో సహా పీకాలి. పూతకి ముందు పీకింది కంపోస్టు చేసుకోవచ్చు. నేలలో పాత విత్తనం ఉంటుంది కాబట్టి ఒక్క ఏడాదితో తేలదు, వరసగా కొన్నేళ్లు చెయ్యాలి. పీకిన చోట గరిక నాటి, అది నిలదొక్కుకునేదాకా మేపకూడదు. గట్టంతా ఒకేసారి ఆపితే మేకలు ఏం తింటాయి? అందుకని సగం ఈ ఏడు, సగం వచ్చే ఏడు. వయ్యారిభామ ఆకు తినే మెక్సికో పెంకుపురుగుని మన దేశంలో 1984లో వదిలారు. వానాకాలంలో అది బాగా పనిచేస్తుంది. గుర్రపుడెక్కని మాత్రం వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు తీసి దూరంగా మోసుకుపోవాలి.

ఇప్పుడు అసలు విషయం. కలుపు పీకేది మనమైతే, ఆ నేల ఎవరిది? కంప, కలుపు ఉన్నన్నాళ్లూ పోరంబోకు వైపు ఎవరూ చూడరు. బాగుచేసిన మర్నాడే కంచె పడొచ్చు, రొయ్యల చెరువు పడొచ్చు. అందుకే కూలీ లేని శ్రమదానానికి నేను ఒప్పుకోను. ముందు గ్రామసభలో తీర్మానం కావాలి: ఇది మేత పోరంబోకు, సర్వే నంబరు ఇది, హద్దులు ఇవి, ఇక్కడ మేపుకునేవాళ్లు వీళ్లు, పనికి కూలీ ఇంత. ఆ తర్వాతే గునపం.

ఏజెన్సీ నుంచి వచ్చి చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లకి ఇంకో మాట. 2006 అటవీ హక్కుల చట్టంలో మేపుకునే హక్కు ఉంది, సామూహిక అడవిని కాపాడి నిర్వహించుకునే హక్కూ ఉంది. కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల సోలిగలు 2011లో సామూహిక హక్కులు సాధించారు. పూర్వం తాము పెట్టే చిన్న మంటల్ని ఆపించాకే లాంటానా అడవిని కమ్మేసిందని వాళ్ల పెద్దలు చెప్తారు. నేలతో బతికేవాళ్లని పక్కనపెడితే కలుపు ఎలా గెలుస్తుందో వాళ్లని అడగాలి. మైదానంలో మనకి ఆ చట్టం అందదు. ఇక్కడ మనకున్నది గ్రామసభే.

కాబట్టి ఈ సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఒక పని చేద్దాం. మీ ఊళ్లో మేపే జాగాలు ఎక్కడెక్కడ ఉన్నాయో అమ్మానాన్నల్ని అడిగి రాసుకోండి. ఏ కలుపు ఎంత మేర ఉందో, ఎవరైనా ఆక్రమించారో చూడండి. సచివాలయానికెళ్లి అడంగల్‌లో ఆ భూమి ఏమని రాసుందో కనుక్కోండి. ఆ కాగితం చేతిలో ఉంటే గ్రామసభలో మన మాటని తీసిపారేయడం కష్టం.

మీ ఊరి సంగతి కింద రాయండి. జై ఆదివాసీ.