సూక్ష్మజీవుల పాఠం మన ఇళ్లకూ కావాలి



మన నర్సింగ్ స్కూలులో మొదటి సంవత్సరం పిల్లలకు మైక్రోబయాలజీ, అంటే సూక్ష్మజీవ శాస్త్రం, మొదలుపెట్టే రోజున నేను పుస్తకం తెరవను. "మీ ఇంట్లో పాలు తోడు పెట్టేది ఎవరు?" అని అడుగుతాను. చాలామంది చేతులెత్తుతారు. "బాగా కాగుతున్న పాలలో తోడు వేస్తే?" అంటే "తోడుకోదు సిస్టర్" అంటారు. "ఫ్రిజ్‌లో పెడితే?" "పాలు పాలలాగే ఉంటాయి." "చలికాలంలో?" "గిన్నెకు గుడ్డ చుట్టి పొయ్యి పక్కన పెడతాం." అప్పుడు చెబుతాను: "ఈ పాఠంలో సగం మీ అమ్మగారు మీకు ముందే నేర్పేశారు."

పెరుగు చేసేది బాక్టీరియా. ఒక చెంచా తోడులో ఉన్నవి రాత్రికి రాత్రి పెరిగి గిన్నెడు పాలను పెరుగు చేస్తాయి. ఎక్కువ వేడికి చస్తాయి. చల్లదనానికి చావవు, పెరగడం మానుకుంటాయి. గోరువెచ్చదనం వాటికి ఇష్టం. రోగం తెచ్చే బాక్టీరియాలో చాలావాటికీ ఇవే అలవాట్లు. అందుకే తాగే నీరు మరిగించమంటాం. అందుకే మిగిలిన కూర రాత్రంతా గట్టు మీద ఉంచవద్దంటాం. పేగుల్లో ఉండే ఇ.కోలై అనే బాక్టీరియాకు తిండి, వెచ్చదనం సరిగా అమరితే సుమారు 20 నిమిషాలకు ఒకటి రెండవుతుంది. రాత్రి 10 గంటలకు ఒక్కటి ఉంటే, అదే వేగంతో పెరిగితే, ఉదయం 5 గంటలకు 20 లక్షలు దాటుతాయి. లెక్క వేసి చూసుకోండి.

ఈ పాఠం నర్సింగ్ విద్యార్థులు పరీక్షకు బట్టీపట్టి మరచిపోయేది కాదు, మన సంఘములోని ప్రతి కుటుంబానికీ తెలియవలసినది అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

మొన్న ఒక తల్లి బాబును ఓ.పి.కి తీసుకొచ్చింది. మూడు రోజులుగా జలుబు, కొద్దిపాటి జ్వరం. బాబు హుషారుగానే ఉన్నాడు. డాక్టరు గారు పరీక్ష చేసి జ్వరానికి మందు రాసి, నీళ్లు బాగా పట్టమని, ఆయాసం వచ్చినా పాలు తాగకపోయినా వెంటనే తీసుకురమ్మని చెప్పి పంపారు. ఆమె నా దగ్గరకు వచ్చి, "సిస్టరమ్మగారూ, ఇంత దూరం వస్తే యాంటీబయాటిక్ కూడా రాయలేదండీ" అని బాధపడింది. ఆమెది తప్పు అనను. ఆమెకు మేము ఏనాడూ సరిగా చెప్పలేదు.

చెప్పవలసింది ఇంతే. మన శరీరం కణాలతో కట్టబడింది. ప్రతి కణానికీ చుట్టూ పలుచని పొర ఉంటుంది. చాలా కణాల లోపల కేంద్రకం ఉంటుంది. బాక్టీరియా కూడా ఒక కణమే, కాని ఒంటరి కణం. దానికి కేంద్రకం లేదు. పొర బయట గట్టి గోడ ఉంటుంది, దాన్ని కణకవచం అంటారు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనుగొన్న పెన్సిలిన్ ఆ గోడ కట్టనివ్వదు. గోడ లేని బాక్టీరియా లోపలికి నీరు చేరి పగిలిపోతుంది. మన కణాలకు అలాంటి గోడ లేదు గనుక ఆ మందు మన కణాలను వదిలేసి వాటినే దెబ్బ కొడుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో పరిశోధనకు నాయకత్వం వహించిన కంపెనీ నుండి 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. అది టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది. అది గోడ జోలికి పోదు. బాక్టీరియా తన మాంసకృత్తులను తయారు చేసుకునే చోట అడ్డుపడుతుంది. యాంటీబయాటిక్ ఏదైనా, బాక్టీరియాలో ఉన్న ఏదో ఒక భాగాన్ని పట్టుకునే పని చేస్తుంది.

ఇప్పుడు వైరస్ సంగతి. అది అసలు కణమే కాదు. గోడ లేదు, సొంత వంటిల్లు లేదు. మన కణంలో దూరి, మన కణం చేతనే తన నకళ్లు చేయించుకుంటుంది. బాక్టీరియా సుమారు మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉంటే, కరోనా వైరస్ దానిలో పదో వంతు. మన ల్యాబులోని మామూలు మైక్రోస్కోపుకు కూడా కనబడదు. జలుబు, మామూలు ఫ్లూ, డెంగీ, చికెన్ గున్యా ఇవన్నీ వైరస్ జబ్బులు. యాంటీబయాటిక్ పట్టుకోవడానికి వైరస్‌లో ఏమీ లేదు. తలుపే లేని ఇంటికి తాళం చెవి తెచ్చినట్టు ఉంటుంది.

"పనిచేయకపోతే పోనీ, నష్టమేముంది?" అని కొందరు అడుగుతారు. నష్టం ఉంది. మన పేగుల్లో మనకు మేలు చేసే బాక్టీరియా కోట్ల కొలదిగా ఉన్నాయి. మందు వాటిని చంపుతుంది, అందుకే కొందరికి ఆ బిళ్లలు వేసుకుంటే విరేచనాలు పడతాయి. దానికంటె పెద్ద నష్టం ఇంకొకటి. లక్షల బాక్టీరియాలో ఏ కొన్నిటికో ఆ మందును తట్టుకునే శక్తి ఉండవచ్చు. మందు బలహీనమైనవాటిని చంపేస్తే, మిగిలేవి ఆ మొండివే. ఖాళీ అయిన చోటంతా అవే నిండుతాయి. అంతేకాదు, ఆ శక్తిని పక్క బాక్టీరియాకు కూడా ఇవ్వగలవు. ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడే, తక్కువ మోతాదులో వాడితే సూక్ష్మజీవులు మందుకు లొంగకుండా తయారవుతాయని హెచ్చరించారు.

ఇది పుస్తకంలో మాట మాత్రమే కాదు. మా సర్జికల్ వార్డులో ఒక పెద్దాయన ఉండేవారు. షుగరు వ్యాధి, కాలికి పుండు. పుండు చీము పట్టినప్పుడల్లా మందుల షాపులో చెప్పి రెండు రోజుల బిళ్లలు కొనుక్కునేవారు, కాస్త తగ్గగానే ఆపేసేవారు. అలా సంవత్సరం గడిచింది. మా దగ్గరకు వచ్చాక చీము తీసి కల్చరుకు పంపాం. ఆ రిపోర్టులో ఒక్కొక్క మందు ఎదుట "ఎస్" అని గాని "ఆర్" అని గాని ఉంటుంది. ఎస్ అంటే లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. ఆయన రిపోర్టులో పై నుండి కింది దాకా ఆర్, ఆర్, ఆర్. చివర రెండు మందుల ఎదుట మాత్రమే ఎస్. రెండూ ఖరీదైన ఇంజక్షన్లు. ప్రాణం నిలిచింది, దేవునికి స్తోత్రం. కాని రెండు కాలి వేళ్లు తీసివేయక తప్పలేదు. "నాకు ఈ సంగతి ముందే ఎవరూ చెప్పలేదమ్మా" అన్నారాయన. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

కొందరు పెద్దలు నాతో అంటారు, "సిస్టర్, జనానికి ఇంత సైన్సు ఎందుకు? డాక్టరు చెప్పినట్టు చేయమంటే చాలదా?" చాలదని నా అనుభవం. ఆజ్ఞ ఆసుపత్రి గేటు దాటగానే మరచిపోతారు, కారణం తెలిస్తే గుర్తుంటుంది. రాత్రి పది గంటలకు బిడ్డ దగ్గుతుంటే, మందుల షాపు తెరిచి ఉంటే, పక్కన డాక్టరు ఉండరు. అప్పుడు ఆ తల్లికి తోడు, గోడ, వైరస్ అనే మూడు మాటలు తెలిసి ఉండాలి.

క్షయవ్యాధి మందు విషయం కూడా ఇంతే. ఆ బాక్టీరియాకు మైనం వంటి మందమైన గోడ. పెరగడం కూడా నెమ్మది, ఒకటి రెండు కావడానికి 15 నుండి 20 గంటలు పడుతుంది. నెమ్మదిగా పెరిగేదానిని, దాక్కొని ఉండేదానిని పూర్తిగా తుడిచివేయాలంటే నెలలు పడుతుంది. అందుకే మందులకు లొంగే మామూలు టి.బి.కి కూడా సాధారణంగా ఆరు నెలల మందు. రెండు నెలలకు దగ్గు తగ్గిందని ఆపినవారు మొండి టి.బి.తో తిరిగి రావడం మేము చూశాం. అన్ని జబ్బులకూ అన్ని రోజులు అక్కరలేదు, కొన్నిటికి మూడు రోజులే చాలు. ఎన్ని రోజులన్నది డాక్టరు గారు చెప్పాలి, మనం కాదు.

మా తప్పులు కూడా ఒప్పుకోవాలి. ఓ.పి.లో రద్దీ అని మేము రోగికి రెండు నిమిషాలు కూడా వివరించం. చీటీ చేతిలో పెట్టి పంపేస్తాం. మా చేతుల సంగతి కూడా ఉంది. 1847లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవపరీక్ష గది నుండి కాన్పుల వార్డుకు వచ్చే డాక్టర్ల చేతులే బాలింతలకు జ్వరం తెస్తున్నాయని గ్రహించి, క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడిగించారు. ఆ ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు చనిపోయిన వార్డులో, జూన్ నాటికి ఆ సంఖ్య నూటికి రెండుకు వచ్చింది. అయినా తోటి డాక్టర్లు చాలామంది ఆయనను నమ్మలేదు. మా నర్సులైనా, డాక్టర్లైనా మీ మంచం దగ్గరకు వచ్చినప్పుడు "చేతులు కడుక్కున్నారా?" అని మర్యాదగా అడగండి. ఎవరైనా కోప్పడితే నా దగ్గరకు రండి.

మన పాస్టర్లకు, స్త్రీల సమాజం పెద్దలకు నా మనవి ఒకటుంది. నెలకొక ఆదివారం ఆరాధన తరువాత 15 నిమిషాలు మాకు ఇవ్వండి. మా విద్యార్థినులు ఒక మైక్రోస్కోపు తీసుకొని వస్తారు. పెరుగు చుక్కకు రంగు వేసి చూపిస్తారు. ఒక్కసారి కంటితో చూసిన పిల్లవాడు సబ్బుతో చేతులు కడగమంటే మారాం చేయడు. నేర్పే పిల్లలకు కూడా మేలే. తన తల్లి వయసు ఆవిడకు అర్థమయ్యేటట్టు చెప్పగలిగిన రోజునే ఆ అమ్మాయికి పాఠం వచ్చినట్టు.

అంతవరకు ఇంట్లో ఈ మూడు పాటించండి. మందు అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా కొనవద్దు. ఈ గీతను గూర్చి కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రచారం మొదలుపెట్టింది. మిగిలిన బిళ్లలు దాచి ఇంకొకరికి ఇవ్వవద్దు. డాక్టరు గారు రాసినప్పుడు "ఇది యాంటీబయాటిక్కేనా, ఎన్ని రోజులు వాడాలి?" అని అడిగి రాయించుకోండి.

ప్రార్థన చేద్దాం, మందూ సరిగా వాడుదాం. మన పిల్లలకు జబ్బు చేసినప్పుడు వారి రిపోర్టులో "ఎస్" అనే అక్షరం మిగిలి ఉండాలంటే, ఆ జాగ్రత్త ఈ రోజు మన ఇంట్లోనే మొదలుకావాలి. ప్రభువు మీ అందరికీ ఆరోగ్యము దయచేయును గాక.