తొలి నెల దాటిస్తేనే టర్కీ పెంపకం

సాగు ఖర్చు పెరిగి, పంటకు ధర రాక సన్న, చిన్నకారు రైతులు నలిగిపోతున్న ఈ రోజుల్లో 'పెరట్లో కోళ్ళు పెంచండి, టర్కీలు పెంచండి, చేతికి నాలుగు డబ్బులు వస్తాయి' అనే సలహా తరచూ వినిపిస్తోంది. సలహాలో తప్పు లేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఉన్న 85.18 కోట్ల కోళ్ళు, ఇతర పెంపుడు పక్షుల్లో 31.7 కోట్లు పెరటివే. 2012తో పోలిస్తే పెరటి పక్షులు దాదాపు 46 శాతం పెరిగాయి. వీటిని సాకేది ఎక్కువగా ఆడవాళ్ళు, కౌలు రైతులు, భూమి లేని కుటుంబాలు. అందుకే సలహా ఇచ్చి చేతులు దులుపుకుంటే నష్టపోయేది కూడా వాళ్ళే.

పెద్దయిన టర్కీ మొండి పక్షి. గడ్డి, ఆకు, పురుగు, వంటింటి మిగులు అన్నీ తింటుంది. ఎండనూ తట్టుకుంటుంది. అదే టర్కీ పిల్ల తొలి నాలుగు వారాలు చాలా సున్నితం. పెంపకంలో లాభమో నష్టమో ఆ నెలలోనే తేలిపోతుంది.

ముందు పొదుగు సంగతి. కోడిగుడ్డు 21 రోజులకు పొదిగితే టర్కీ గుడ్డుకు 28 రోజులు పడుతుంది. నాటు పెట్ట కింద పొదిగించవచ్చు. గుడ్డు పెద్దది కాబట్టి ఐదారుకు మించి పెట్టకూడదు. కోడిగుడ్లతో కలిపి పెడితే మూడు వారాలకే కోడిపిల్లలు బయటికొస్తాయి. పెట్ట వాటి వెంట లేచిపోతుంది, టర్కీ గుడ్లు చల్లబడి పాడవుతాయి. కలిపే పెట్టాలంటే టర్కీ గుడ్లను వారం ముందు పెట్టాలి. గుడ్లను వారం కంటే ఎక్కువ నిల్వ ఉంచకూడదు.

పిల్ల బయటికి వచ్చాక మొదటి శత్రువు ఆకలి. మేత, నీళ్ళు ఎదురుగా ఉన్నా గుర్తుపట్టక తినకుండానే చనిపోయే పిల్లలు ఎన్నో. ఉడికించిన గుడ్డు చిదిమి పెట్టడం, నీళ్ళలో కొద్దిగా పాలు కలపడం, మేత మీద సన్నగా తరిగిన పచ్చి ఆకు చల్లడం, ముక్కును నీళ్ళకు తాకించి అలవాటు చేయడం, ఈ పనులు మొదటి రోజుల్లో ఓపిగ్గా చేయాలి. నీళ్ళ పళ్ళెం లోతుగా ఉంటే పిల్లలు మునిగిపోతాయి, అందులో గులకరాళ్ళు వేయాలి. మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం ఉండాలి, ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకోవచ్చు. రాత్రి కరెంటు పోతే పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయి. మేతలో 28 శాతం మాంసకృత్తులు కావాలి. ఊరి దుకాణంలో దొరికే బ్రాయిలర్ స్టార్టర్‌లో ఉండేది 22, 23 శాతమే.

రెండో శత్రువు బ్లాక్‌హెడ్ జబ్బు. దీని క్రిమి కోళ్ళ పేగుల్లోని పురుగుల గుడ్లలో దాగి ఉంటుంది. కోడికి పెద్దగా ఏమీ కాదు, టర్కీ మాత్రం పసుపు పచ్చగా పారుకుని చనిపోతుంది. అందుకే నాటు పెట్ట కింద పొదిగించినా, పిల్లలను వెంటనే వేరు చేసి కోళ్ళు తిరగని చోట పెంచాలి. ఒకే పెరడు ఉన్న కుటుంబానికి ఇది చెప్పినంత తేలిక కాదు.

మూడోది టీకా. కొక్కెర తెగులు, మశూచి టీకాలు వేయించాల్సిందే. కానీ సీసాలో వంద నుంచి వెయ్యి డోసులు ఉంటాయి, కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి. పది పక్షులున్న ఆమె సీసా కొని ఏం చేసుకుంటుంది? మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో వేడికి తట్టుకునే ఐ-2 రకం కొక్కెర తెగులు టీకాను శిక్షణ పొందిన గ్రామస్థులే కంట్లో చుక్కగా వేస్తున్నారు. ఇక్కడా అలాంటి ఏర్పాటు ఎందుకు చేయకూడదు?

ప్రభుత్వ పథకం మాత్రం వేరే దారిలో ఉంది. జాతీయ పశుసంపద మిషన్ కింద గ్రామీణ కోళ్ళ యూనిట్‌కు 50 శాతం, గరిష్ఠంగా 25 లక్షల రూపాయల సబ్సిడీ ఉంది. కానీ అది కనీసం వెయ్యి తల్లి కోళ్ళతో మొదలవుతుంది, మిగతా సొమ్ము సొంతంగానో బ్యాంకు అప్పుగానో తెచ్చుకోవాలి. పది పక్షులతో పిల్లల ఫీజు కట్టుకునే తల్లికి ఆ గుమ్మం అందదు.

అందుకే మేము డిమాండ్ చేస్తున్నాం. పశుసంవర్ధక శాఖ ఒకరోజు పిల్లలను కాదు, వెచ్చదనంలో పెంచి, టీకాలు వేసిన నెల వయసు టర్కీ పిల్లలను చిన్న రైతులకు అందించాలి. మహిళా సంఘాలు రెండు మూడు వందల పిల్లలను నెలపాటు సాకే చిన్న యూనిట్లకూ సబ్సిడీ ఇవ్వాలి. నెలకొక రోజు ఊరంతటికీ ఒకేసారి ఉచితంగా టీకాలు వేయాలి. టర్కీ పిల్లల మేతను చిన్న సంచుల్లో రాయితీ ధరకు ఇవ్వాలి.

మన గ్రామ కమిటీలు ఆ లోగా చేయగలిగింది కూడా ఉంది. ఊళ్ళో ఎవరింట ఎన్ని పెరటి పక్షులు ఉన్నాయో రాసుకుని, ఆ జాబితాతో పశువైద్యుడిని కలిసి టీకా తేదీ అడగండి. ఒక్కరికి వృథా అయ్యే సీసా ఊరికి సరిపోతుంది.