మోత యంత్రానికి, తూము మనిషికి

2022 మే 24న జిల్లా పేరు మార్పు వివాదంపై అమలాపురంలో అల్లర్లు చెలరేగాయి. దరిమిలా కోనసీమలో ఇంటర్నెట్ సేవలను చాలా రోజులు నిలిపివేశారు. ఇంటివద్ద నుండే ఉద్యోగం చేసుకొంటున్న సాఫ్ట్‌వేర్ యువకులు ల్యాప్‌టాపులు పట్టుకొని సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకు చేరిన సంగతి పత్రికలలో చదివాము. అప్పుడు నాకు తట్టిన ప్రశ్న ఒకటే. రోజుకు అరగంట మాత్రమే సిగ్నల్ దొరికేవాడు తన వెబ్‌సైటును ఎలా నడుపుకోవాలి?

సొంత సైటు ఉన్న మనవాళ్ళలో కొందరు ఇప్పటికీ ఎఫ్‌టీపీనే నమ్ముకొన్నారు. మార్చిన ఫైళ్ళను ఒక్కొక్కటిగా ఎక్కించాలి. ఏది ఎక్కించామో, ఏది మరిచామో జ్ఞాపకమే సాక్షి. ఒకసారి నేను ఒక పద్యసంకలనాన్ని ఎక్కిస్తూండగా లైను తెగింది. విషయసూచికలో కొత్త పేర్లు, లోపల పాత పుటలు! రెండు రోజుల తరువాత ఒక పాఠకుడు చెబితేగాని తెలియలేదు. అంతకు మించిన నష్టం మరొకటి ఉంది. పాత ఫైళ్ళ మీదే కొత్తవి రాసేయడం వలన, దిద్దుబాటుకు ముందు ఏ పాఠం ఉండేదో చూపే ఆధారం మిగలలేదు.

అందుకే నా అభిప్రాయం ఇది: సైటును చేతితో ఎక్కించే అలవాటు మానుకోవాలి. రాతప్రతి వెర్షన్ కంట్రోల్ రిపాజిటరీలో ఉండాలి. సైటు దాని నుండి తనంత తానే తయారు కావాలి.

ఇది పెద్ద కంపెనీలకే చెల్లిన విద్య కాదు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ కెర్నెల్ పని కోసం రాసిన గిట్‌లో సాధారణంగా ప్రతివారి కంప్యూటరులోనూ చరిత్ర యావత్తూ ఉంటుంది. నెట్ లేకున్నా రాయవచ్చు, దిద్దవచ్చు, కమిట్ చేయవచ్చు. గట్టు మీద కాస్త సిగ్నల్ దొరికినప్పుడు ఒక్క పుష్ చాలు. సర్వరులో పోస్ట్-రిసీవ్ అనే హుక్ రాసిపెట్టుకొంటే, పుష్ పూర్తికాగానే అది నడిచి కొత్త ప్రతిని పాఠకులకు కనిపించే డైరెక్టరీలో పరుస్తుంది. పుష్ మధ్యలోనే తెగితే హుక్ నడవదు. పాత సైటు చెక్కుచెదరదు. సొంత సర్వరు లేనివారికి 2008లో వచ్చిన గిట్‌హబ్ పేజెస్ ఉంది. రిపాజిటరీ బహిరంగమైతే ఈ సేవ ఉచితమే.

ఉచితమన్నది ఎల్లకాలం ఉండదని 2009 అక్టోబరులో యాహూ జియోసిటీస్‌ను మూసినప్పుడే తెలిసింది. రిపాజిటరీ మన దగ్గర ఉంటే మాత్రం హోస్టింగు పోయినా ఇల్లు మారినంత పనే.

యంత్రం తప్పును కూడా అంతే వేగంగా మోస్తుంది కదా అని అడగవచ్చు. న్యాయమైన అభ్యంతరమే. కోనసీమ వాసులకు దీని సమాధానం కొత్త కాదు. కాటన్ దొర పూనికతో 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత గోదావరి నీరు కాలువల వెంట చేలకు నడిచివచ్చింది. ఎవరూ కుండలతో మోయనక్కరలేదు. అయినా తూము తలుపు ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో నిర్ణయించేది మనిషే. మనమూ అంతే చేయాలి. చిత్తుప్రతులకు వేరే శాఖ ఉంచి, చదివి సరిచూసి ప్రధాన శాఖలో కలిపినదే బయటకు పోయేట్టు కట్టుకోవాలి. తెగిన లంకెలను పసిగట్టే చిన్న పరీక్షను ముందు నడపాలి. రిపాజిటరీని పాఠకులకు అందే డైరెక్టరీలో పెట్టరాదు. పాస్‌వర్డులను అసలే అందులో రాయరాదు. తరువాత చెరిపినా చరిత్రలో అవి నిలిచే ఉంటాయి.

చెరిపినా నిలిచే ఆ చరిత్రే సాహిత్యానికి అసలు లాభం. బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి తాళపత్రప్రతులను పోల్చి పాఠాంతరాలు రాయించాడు. అంత శ్రమ ఎందుకు పట్టింది? ఏ మాటను ఎవరు, ఎప్పుడు మార్చారో లేఖకులు రాసిపెట్టలేదు గనుక. మన తరానికి ఆ సాకు లేదు. ప్రతి కమిట్‌కూ తేదీ ఉంటుంది, పేరు ఉంటుంది, కారణం రాసే చోటు ఉంటుంది. ఆ చోటును ఖాళీగా వదలకుండా ఒక్క వాక్యం రాద్దాము. రేపటి పరిష్కర్తకు అదే మేలు.