సూట్‌కేసులో గోంగూర గింజలు

పోయిన వేసవిలో అక్క తిరిగి టెక్సస్ వెళ్లేముందు సామాను సర్దుతున్నాం. పెనుబల్లిలో మా వసారా నిండా పచ్చడి సీసాలు, కారం, కందిపొడి డబ్బాలు, మధ్యలో తూకం మిషన్. బ్యాగుకి 23 కిలోలు. వంద గ్రాములు దాటితే బావకి బీపీ. ఆ హడావుడిలో అమ్మ ఒక పాత మందుల కవరు తెచ్చి కందిపొడి డబ్బాలో అడుక్కి దోపింది. అందులో మా పెరటి ఎర్ర గోంగూర గింజలు. "ఎవరికీ కనపడవులే" అంది. పొడి మధ్యలో పెడితే స్కానింగ్‌లో కూడా తెలీదని సలహా ఇచ్చింది నేనే. ఇంజినీరింగ్ బుర్ర కదా!

నాన్న వచ్చి డబ్బా మూత తీసి కవరు బయట పెట్టేశాడు. "నల్ల తామర గుర్తుందా?" అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

మనలో ఖమ్మం వైపు వాళ్లకి ఈ మాట విప్పి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తా. 2021 చివర్లో మా జిల్లా మిరప తోటల్లో ఏ పువ్వు విప్పినా లోపల సన్నటి నల్ల పురుగులు. పూత పూతంతా రాలిపోయింది. మందు మీద మందు కొట్టారు, ఆగలేదు. మా రెండెకరాల తోట నాన్న ట్రాక్టర్ పెట్టి దున్నించేశాడు. ఆ అప్పు నేను బీటెక్‌లో చేరాక కూడా తీరలేదు. ఆ పురుగు మనది కాదు, ఆగ్నేయాసియాది. మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద కనిపించింది. ఆరేళ్లు తిరిగేసరికి మన మిరప పువ్వులో కాపురం పెట్టింది. ఇలాంటి పురుగులు పాస్‌పోర్టు లేకుండా, మొక్కల్లో ఆకుల్లో దాక్కునే దేశాలు దాటుతాయి.

అందుకే నేనిప్పుడు గట్టిగా చెప్పేది ఒకటే. విదేశంలో పెరడు వేసుకోండి, గోంగూర, బెండ, దొండ ఏదైనా పెంచండి. కానీ గింజలు, మొక్కలు మాత్రం దాచి తీసుకెళ్లొద్దు. ఇలా అంటే మన వాట్సాప్ గ్రూపులో నాకు పడ్డ తిట్లు ఇన్నీ అన్నీ కావు. "నాలుగు గింజలకే అమెరికా కూలిపోద్దా?" అన్నాడు ఒక సీనియర్.

గోంగూర సంగతే తీసుకుందాం. గోంగూర, బెండ, పత్తి ఒకే కుటుంబం. మన పత్తి చేలని ఏటా తినే గులాబీ రంగు పురుగు అమెరికాలోనూ ఉండేది. అక్కడి పత్తి రైతులు, ప్రభుత్వం దశాబ్దాల తరబడి దాని వెంటపడి, చివరికి 2018లో దేశం నుంచి పూర్తిగా పోయిందని ప్రకటించారు. ఆ పురుగు లార్వా గింజలోనే దాక్కోగలదు. పత్తి చేల మధ్య ఉన్న ఊళ్లోంచి అదే కుటుంబం గింజలు, కందిపొడిలో దాచి, పత్తి పండే టెక్సస్‌కే పంపుతున్నాం. ఆ మందుల కవరులో పురుగు ఉందని కాదు, లేదని చూసిన వాళ్లెవరూ లేరని.

కరివేపాకు కథ ఇంకా ఘోరం. సిట్రస్ సిల్లిడ్ అనే చిన్న ఆసియా పురుగుకి కరివేపాకు అంటే ప్రాణం. అది నారింజ, నిమ్మ చెట్లకి గ్రీనింగ్ అనే తెగులు మోసుకెళ్తుంది, దానికి మందు లేదు. ఫ్లోరిడాలో ఆ తెగులు 2005లో బయటపడింది. అప్పటితో పోలిస్తే ఇప్పుడు అక్కడి నారింజ దిగుబడి 90 శాతానికి పైగా పడిపోయింది. కాలిఫోర్నియాలో 2012లో మొదట దొరికిన జబ్బు చెట్టు ఏ పెద్ద తోటలోదో కాదు, లాస్ ఏంజిలిస్ దగ్గర ఒక ఇంటి పెరట్లోది. ఇంటి పెరడు చిన్నదే అని మనం అనుకుంటాం, పురుగు అలా అనుకోదు. అందుకే అక్కడ కరివేపాకు మొక్కని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లాలన్నా నిబంధనలున్నాయి. కొత్త ఇంటికి మారుతూ కారు వెనక సీట్లో కుండీ పెట్టుకుని బయల్దేరే మనవాళ్లకి ఈ సంగతి తెలీదు.

ఇదంతా చదివి నేను అమ్మ మీద విసుక్కుంటున్నానని అనుకోవద్దు. అక్క పెళ్లయి వెళ్లిన మొదటి ఏడాది ఫోన్‌లో ఏడ్చింది అమ్మ కోసం కాదు, వానాకాలం పెరటి వాసన కోసం. (అమ్మ ఇప్పటికీ ఈ మాటకి అలుగుతుంది.) డాలస్ ఎండలు మన ఎండలకి తీసిపోవు, గోంగూర బ్రహ్మాండంగా వస్తుంది. చలికాలం గడ్డ కట్టే రోజుల్లో మాత్రం కరివేపాకు కుండీని ఇంట్లోకి తెచ్చి, చంటిపిల్లలా కిటికీ దగ్గర పెట్టుకుంటారు. ఆ ఇష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ మన బెంగ మనకి మినహాయింపు కాదు. నాన్న తోట పోయినప్పుడు ఆ పురుగుని తెలిసో తెలియకో మోసుకొచ్చిన వాళ్లకీ ఏదో ఒక ఇష్టం ఉండే ఉంటుంది. దాంతో మా అప్పు తగ్గలేదు.

ఈ ఏడు ఎమ్మెస్‌కి వెళ్తున్న సీనియర్లకి నాలుగు పనికొచ్చే మాటలు. అమెరికాలో చిన్న మొత్తం గింజలకి పర్మిట్ పద్ధతి ఉంది: పాకెట్‌కి 50 గింజలో, 10 గ్రాములో మించకూడదు, మీద శాస్త్రీయ నామం రాయాలి. అన్ని మొక్కలకీ అది వర్తించదు, ముందు జాబితా చూసుకోవాలి. ఏం తీసుకెళ్లినా కస్టమ్స్ ఫారంలో రాసేయండి. రాస్తే మహా అయితే తీసి పారేస్తారు, రాయకుండా దొరికితే వందల డాలర్ల జరిమానా. ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్త. అక్కడ ఇలాంటి తప్పుకి స్టూడెంట్ వీసానే రద్దు చేయగలరు. లక్షల లోన్ తీసుకుని గోంగూర దగ్గర దొరికిపోతే ఇంట్లో ఏమని చెప్తారు?

అసలు అంత కష్టం కూడా అక్కర్లేదు. మనవాళ్లు ఉన్న ఊళ్లలో గోంగూర గింజలు అక్కడే అమ్ముతారు, పక్కింటి ఆంటీ దగ్గర కూడా దొరుకుతాయి. అక్క అలాగే తెచ్చుకుంది. మొన్న వీడియో కాల్‌లో పెరడు చూపించింది. నడుం ఎత్తు మొక్కలు. కానీ కాడలు ఆకుపచ్చగా ఉన్నాయి. అమ్మ ఫోన్ దగ్గరకి లాక్కుని చూసి, "ఇది తెల్ల గోంగూరే, పులుపేం ఉంటదీ" అని పెదవి విరిచింది. అక్క మాత్రం ఆ పూటకి పప్పులో వేసింది. నాన్న, "ఆకు మీద మచ్చలేమైనా ఉన్నాయా, అడుగు" అన్నాడు.