పొదుపు ముచ్చట్ల వెనుక పద్దుకెక్కని పెట్టుబడి

హిందీలో తక్కువ ఖర్చుతో తీసిన భయానక చిత్రాలు అనగానే రామ్సే సోదరులు గుర్తుకు వస్తారు. వారి చిత్రీకరణ ముచ్చట్లను సినీప్రియులు ఇప్పటికీ సరదాగా చెప్పుకుంటారు. వాటిలో నవ్వుకోదగిన దానికంటే ఆలోచించదగినదే ఎక్కువ.

దేశ విభజనతో కరాచీ వీడి బొంబాయి చేరిన ఎఫ్.యు. రామ్సే రేడియోల వ్యాపారి. సినీ నిర్మాణంలోకి దిగిన ఆయనకు 1970 నాటి ‘ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ’ నష్టాన్నే మిగిల్చింది. అయితే ముసుగు ధరించిన పృథ్వీరాజ్ కపూర్ మ్యూజియంలో చోరీ చేసే ఘట్టానికి ప్రేక్షకులు ఉలిక్కిపడటాన్ని ఆయన కుమారులు గమనించారు. పెద్ద తారలు లేకున్నా భయం అమ్ముడుపోతుందని గ్రహించారు.

1972లో విడుదలైన ‘దో గజ్ జమీన్ కే నీచే’ ఆ గ్రహింపు ఫలితమే. స్టూడియో సెట్ల జోలికి పోకుండా మహాబలేశ్వర్‌లోని ప్రభుత్వ అతిథి గృహాన్నే చిత్రీకరణకు వాడుకున్నారు. యూనిట్ యావత్తూ బస్సులో తరలివెళ్లింది. సుమారు 40 రోజుల్లో, దాదాపు మూడున్నర లక్షల రూపాయలతో చిత్రం పూర్తయింది. కుమార్ రచన, తులసి, శ్యామ్‌ల దర్శకత్వం, గంగు ఛాయాగ్రహణం, కిరణ్ శబ్దగ్రహణం, అర్జున్ కూర్పు, కేశు నిర్మాణ వ్యవహారాలు... ఇలా ఏడుగురు అన్నదమ్ములూ తలా ఒక శాఖను పంచుకోవడం వారి పద్ధతి. వంట బాధ్యత ఇంటి స్త్రీలది. 1984 నాటి ‘పురానా మందిర్’లో సామ్రీ అనే రాక్షసుడి పాత్రకు ఇంజనీరింగ్ చదివిన ఆజానుబాహువు అనిరుధ్ అగర్వాల్‌ను ఎంచుకున్నారు. ఆయన రూపమే సగం మేకప్ అయింది.

ఈ లెక్కలో ఒక పద్దు కనబడదు. బయటి సాంకేతిక నిపుణులను నియమిస్తే చెల్లించవలసి వచ్చే వేతనమే ఆ కుటుంబం పెట్టిన అసలు పెట్టుబడి. సినిమాను పరిశ్రమగా గుర్తిస్తున్నట్లు కేంద్రం ప్రకటించింది 1998లో మాత్రమే. అంతవరకు చిన్న నిర్మాతకు బ్యాంకు రుణం అందని ద్రాక్షే. వడ్డీ వ్యాపారి, పంపిణీదారుల అడ్వాన్సులే దిక్కు. అప్పు ఇవ్వని ప్రభుత్వాలు టిక్కెట్టుపై వినోదపు పన్ను వసూలు చేయడం మాత్రం మరువలేదు. పొదుపు వారికి కళ కాదు, గత్యంతరం లేని అవసరం.

1993లో ‘జీ హారర్ షో’తో ఆ కుటుంబం టెలివిజన్‌కు మళ్లింది. తులసి 2018లో, శ్యామ్ 2019లో కన్నుమూశారు. వారి పొదుపును ఆదర్శంగా చెప్పుకునే నేటి నిర్మాతలు ఒక తేడాను మరువరాదు. రామ్సేలు ఖర్చు చేసింది తమ ఇంటి చెమటను. అదే పొదుపు పేరిట లైట్‌బాయ్ కూలీనో, కొత్త నటుడి పారితోషికాన్నో ఎగవేస్తే అది దోపిడీ అవుతుంది. చిన్న చిత్రానికి సకాలంలో న్యాయమైన వడ్డీకి రుణం దొరికితే అటువంటి సాకులకు తావుండదు. ప్రభుత్వాలు, బ్యాంకులు శ్రద్ధ పెట్టవలసింది అక్కడే.