గాయకునిపై మన పెత్తనము

గాయకుడు తమ సొత్తని తలచు రసికులు మన గోదావరి సీమలో కొందఱు కలరు. బాలుడు పెద్దల కృతులు పాడినంతకాలము తల యూచుదురు. వాడే సొంతముగా నొక పాట కట్టినచో చెడిపోయినాడందురు.

కోనసీమయందలి శంకరగుప్తమున 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి సంగతి చూడుడు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుడై, ఎనిమిదేండ్ల ప్రాయమున బెజవాడ త్యాగరాజోత్సవమందు పాడగా లోకము మెచ్చెను. ఇంకను చిన్నవాడై యుండగనే 72 మేళకర్తలయందును కృతులు రచించెను. వానిలో 40 వివాది మేళములు. పలువురు విద్వాంసులు తాకుటకే జంకునట్టివి. పిదప నాలుగే స్వరములతో మహతి, లవంగి యను రాగములను కల్పించెను. అంతట వాదము రేగినది. అయిదు స్వరములైనను లేనిది రాగమెట్లగునని కొందఱు; వినుట కింపైనచో లెక్కయేల యని అభిమానులు.

లెక్క పెట్టువారిని మేమొకటి అడుగుదుము. ఆ నియమము ఎక్కడనుండి వచ్చెను? పాడినవారి పాటలు విని లక్షణకారులు వ్రాసికొన్నదే గదా! వ్యాకరణము భాష వెంట నడచునని బడిలో పిల్లలకు చెప్పుచునే యున్నాము. త్యాగరాజస్వామి కృతులే లేకున్న కొన్ని రాగములకు నేడు లక్ష్యమే లేదు. ఆ స్వామి శిష్యపరంపరలోనివాడే యీ బాలమురళి!

లవంగి ఇంపుగా లేదనుట వేఱు. దీర్ఘాలాపనమైనచో మాకును విసుగే. కల్పింపరాదనుట వేఱు. అట్లనుటకు మనకు అధికారమెక్కడిది? సొంతపాట తెచ్చిన పడుచు గాయకునికి, పాతదే పాడుమని సభలో చీటీ పంపు పెద్దలు ముందుగా ఆ పాటను తుదివఱకు విందురుగాక.