కరెంటు పోయిందని నమ్మకండి

కరెంటు పని చేసేవాళ్లకు ప్రాణాల మీదికి తెచ్చే మాట ఏదని అడిగితే చాలామంది ‘షాక్’ అంటారు. నన్నడిగితే, ‘కరెంటు పోయింది తీయ్ అన్నా’ అనే మాట. మొగుడంపల్లి చుట్టుపక్కల బోరు మోటార్లు గుంజే పిల్లలతో, సైట్ల మీద హెల్పర్లుగా పోయే కుర్రాళ్లతో భద్రత గురించి మాట్లాడేటప్పుడు నేను మొదట పట్టుకునేది ఈ మాటనే. పోయింది సరే. ఎక్కడికి పోయింది? ఎప్పుడొస్తుంది? వస్తే ఎటునుంచి వస్తుంది?

ముందు ఒక లెక్క చూద్దాం. అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ చార్లెస్ డాల్జీల్ మనుషుల మీదే జాగ్రత్తగా ప్రయోగాలు చేశాడు. పట్టుకున్న వైరును వదిలే శక్తి ఎంత కరెంటు దగ్గర పోతుందో కొలిచాడు. మగవాళ్లకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్లకు 10.5. అది దాటితే చెయ్యి మన మాట వినదు, వైరును ఇంకా గట్టిగా పట్టేస్తుంది. ఇప్పుడు మీ ఇంటి బోర్డులో ఎంసీబీ చూడండి. దాని మీద 16 ఆంపియర్లని ఉంటే, అది మన చెయ్యి బిగుసుకుపోయే కరెంటుకు వెయ్యి రెట్లు. అంటే ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయే ఆర్‌సీసీబీ. రెండూ చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి, పనులు మాత్రం వేరు.

ఇక ‘పోయిన’ కరెంటు సంగతి. అది తిరిగొచ్చే దారులు మన దగ్గర కనీసం మూడున్నాయి.

ఒకటి, ఆటో స్టార్టర్. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. అంతకుముందు కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక రాత్రిపూట పొలానికి పోలేని రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. అవి ఇంకా చాలా డబ్బాల్లో ఉన్నాయి. కరెంటు పోయిందని మోటరు విప్పుతూ కూర్చుంటే, వచ్చిన కరెంటు ఎవరినీ అడగదు. మోటరు తనంతట తానే తిరుగుతుంది.

రెండు, జనరేటర్. ఫంక్షన్ హాల్లోనో, ఎవరి ఇంట్లోనో చేంజ్ఓవర్ స్విచ్ లేకుండా జనరేటర్‌ను నేరుగా లైనుకు కలిపారనుకోండి. ఆ కరెంటు వెనక్కి నడిచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోతుంది. రోజూ 11 వేల వోల్టులను మన ఇళ్లకు తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్, వెనకనుంచి వస్తే అదే కరెంటును పెంచి పైకి పంపుతుంది. స్తంభం మీద ‘సప్లై లేదు’ అనుకుని పనిచేసే లైన్‌మెన్ చేతికి ఏం తగులుతుందో మీరే ఊహించండి.

మూడు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఏబీ స్విచ్. హ్యాండిల్ కిందికి దించితే మూడు ఫేజుల బ్లేడ్లూ విడిపోవాలి. తుప్పు పట్టి ఒక్కటి విడిపోకపోయినా ఆ ఫేజులో కరెంటు ఉన్నట్టే. కింద నిలబడి హ్యాండిల్ చూస్తే తెలియదు, తలెత్తి మూడు బ్లేడ్లనూ చూస్తేనే తెలుస్తుంది. పైగా ఏబీ స్విచ్‌కు పైనుండే వైర్లలో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. అందుకే ఫ్యూజు పోయిందని రైతులే ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కడం అంత ప్రమాదం. ఆలస్యమైనా 1912కు ఫోన్ చేసి లైన్‌మెన్‌ను పిలవడమే మేలు.

మరి ట్రైనింగంటే ఏం నేర్పాలి? ఆపు, చూడు, కట్టేయి, చెక్ చేయి. అంతే. సప్లై ఆపాలి. అన్ని వైపుల నుంచీ ఆగిందా చూడాలి. మళ్లీ ఎవరూ వేయకుండా కట్టేయాలి. ఫ్యాక్టరీలో దానికి తాళం, ట్యాగు ఉంటాయి. మన పొలంలో స్టార్టర్ డబ్బా మెయిన్ దించి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకుంటే అదే మన తాళం. చివరికి టెస్టర్‌తో చూడాలి, అదీ మూడుసార్లు: కరెంటున్న ప్లగ్గులో ఒకసారి, పనిచేసే చోట ఒకసారి, మళ్లీ ఆ ప్లగ్గులో ఒకసారి. ఎందుకంటే టెస్టర్ వెలగకపోవడానికి కరెంటు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. టెస్టరే చెడిపోయి ఉండొచ్చు, ఎండలో వెలుగు కనబడకపోయి ఉండొచ్చు.

స్టార్టర్ కాడ ఇంత చూసుకున్నవాళ్లు కూడా నెత్తి మీది వైరును మరిచిపోతుంటారు. పొలాల మీదుగా పోయే 11 కేవీ వైరు నేల నుంచి కనీసం 4.6 మీటర్ల ఎత్తులో ఉండాలన్నది నిబంధన. బోరులోంచి తీసే ఇనుప పైపు పొడవు సుమారు ఆరు మీటర్లు. నిలబెడితే వైరు కన్నా ఎత్తు. దానికి తగలాల్సిన పని కూడా లేదు, బాగా దగ్గరికి పోతే చాలు, కరెంటు దూకుతుంది. చెరకు లోడు మీద నిలబడ్డవాళ్లకూ, అల్యూమినియం నిచ్చెనతో ఫ్లెక్సీ కట్టేవాళ్లకూ ఇదే లెక్క. వైరుకూ మన చేతిలోని వస్తువుకూ పది అడుగుల దూరం పెట్టుకోమని అమెరికా రూల్స్ చెప్తాయి. అది మనకూ పనికొచ్చే రూలే.

ఇంత తెలిసినా ఎందుకు పోతున్నాయి ప్రాణాలు? మన దేశంలో కరెంటు తగిలి చనిపోయేవాళ్లు ఏటా పది వేలకు పైనేనని నేర గణాంకాల సంస్థ లెక్కలు చెప్తున్నాయి. ఐటీఐలో రెండేళ్లు ఎలక్ట్రిషియన్ ట్రేడ్ చదివినవాడికి ఈ సంగతులు తెలుసు. కానీ స్తంభం కింద పైపు పట్టుకున్న హెల్పర్‌కు ఎవరూ చెప్పరు. లైసెన్సున్న కాంట్రాక్టరే పని చేయించాలనీ, పనివాళ్లకు గ్లోవ్స్, బూట్లు, హెల్మెట్, టెస్టర్ ఇవ్వాలనీ కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు ఉన్నాయి. అవి కాగితం మీదినుంచి పొలం గట్టు దాకా రావడం లేదు.

2016లో మండలమైన మొగుడంపల్లి నుంచి జహీరాబాద్ ఫ్యాక్టరీలకూ, కన్‌స్ట్రక్షన్ పనులకూ పొద్దున్నే బైకుల మీద పోయే పిల్లలెందరో. వాళ్లకు రోజు కూలీ ముఖ్యం. ‘ఒక్క నిమిషం పనే, ఎక్కు’ అని మేస్త్రి అంటే, ‘ఫ్యూజు పీకినంక ఎక్కుతా’ అనడం తేలిక కాదు. రేపు పనికి పిలవడేమోనన్న భయం ఉంటుంది. అందుకే ట్రైనింగ్ కూలీకి ఒక్కడికే ఇస్తే సగమే ఇచ్చినట్టు. ఆ మాట వినే మేస్త్రికీ, మోటరు తొందరగా కావాలనే రైతుకూ, సైట్ ఓనరుకూ కూడా ఇవ్వాలి.

మీ ఇంట్లో ఎవరో ఒకరు ఈ పనికే పోతుంటారు. లేకపోతే మీ ఇంటికే ఈ పనికి ఎవరో వస్తారు. వచ్చినప్పుడు ‘ఎంతసేపు అన్నా?’ అని తొందర పెట్టకండి. మెయిన్ ఆపి, ఫ్యూజు ఆయన చేతికిచ్చి, ‘మెల్లగా చెయ్యి’ అనండి. ఎవరికైనా షాక్ తగిలితే ముందు మెయిన్ ఆపండి, అప్పటిదాకా మనిషిని ముట్టుకోవద్దు. ఆ తర్వాతే 108, ఊపిరి లేకపోతే సీపీఆర్. ఈ వరస తప్పితే ఒక్కరి కోసం పోయి ఇద్దరు పడిపోతారు.